కువి వచ్చింది, పాత కంప్యూటరు పోయింది

2025 ఆగస్టు 9న డెబియన్ 13 విడుదలైంది. మన పాఠకుల్లో చాలామందికి ఈ పేరు కొత్త కావచ్చు. విండోస్ లాగే ఇదీ కంప్యూటరును నడిపించే ఆపరేటింగ్ సిస్టమే. దీనికి డబ్బు కట్టనక్కర్లేదు. ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, లోపలి కోడును విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. 1993 నుంచి ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు దీన్ని నిలబెడుతున్నారు. ఈ విడుదలతో కోరాపుట్, రాయగడ జిల్లాలకు ఒకేసారి ఒక మేలూ ఒక నష్టమూ జరిగాయి.

మేలు కువి భాషకు. ఆ రెండు జిల్లాల కొండల్లోనూ, ఇటు మన మన్యంలోనూ కోందులు మాట్లాడే భాష అది. ద్రావిడ కుటుంబంలో తెలుగుకు దగ్గరి చుట్టం. తేదీ, నెల, అంకె ఏ భాషలో ఎలా రాయాలో కంప్యూటరుకు చెప్పే సమాచారాన్ని యూనికోడ్ సంస్థ సి.ఎల్.డి.ఆర్. పేరుతో పోగు చేస్తుంది. 2023లో వచ్చిన దాని 44వ కూర్పులో కువి చేరింది. అదీ రోమన్, దేవనాగరి, ఒడియా, తెలుగు అనే నాలుగు లిపుల్లో. ఈ సమాచారం ఐ.సి.యు. అనే లైబ్రరీ ద్వారా ఆపరేటింగ్ సిస్టంలోకి వస్తుంది. డెబియన్ 12లో ఉన్నది ఐ.సి.యు. 72, అందులో కువి లేదు. 13లో ఉన్నది 76, అందులో ఉంది. మెనూలన్నీ కువిలో కనిపించే దశ ఇంకా రాలేదు, ఇది పునాది మాత్రమే.

నష్టం పాత కంప్యూటర్లకు. 32-బిట్ పీసీల్లో డెబియన్ 13ను ఎక్కించడానికి ఇన్‌స్టాలర్ లేదు, కెర్నల్ లేదు. 64-బిట్ రకాన్ని కొత్తగా ఎక్కించుకోండి, లేదా ఆ యంత్రాన్ని పక్కన పెట్టండి అని విడుదల పత్రమే సలహా ఇస్తోంది. పట్నం ఆఫీసులు వదిలేసిన కంప్యూటర్లే విరాళంగా కొండ ప్రాంతపు హాస్టళ్లకు చేరతాయని మనకు తెలుసు. అంటే కువి వచ్చిన కూర్పు కువి పిల్లల ముందున్న యంత్రం మీద నడవకపోవచ్చు.

దీనికి మేము డెబియన్‌ను తప్పుపట్టడం లేదు. జీతం లేకుండా పనిచేసేవాళ్లు ఎన్ని రకాల యంత్రాలను మోస్తారు? మా ప్రశ్న మనకే. ఆ పనిలో మన చేయి ఎందుకు లేదు?

ఆ పనేమిటో కాస్త చెప్పాలి. మనం ఎక్కించుకునే ప్యాకేజీ తయారు సరుకు. దాని వెనక ఒక సోర్స్ ప్యాకేజీ ఉంటుంది. అందులో అసలు కోడు, దానికి డెబియన్ చేసిన సవరణలు, ఏయే ఇతర ప్యాకేజీలు కావాలో చెప్పే జాబితా, బిల్డ్ చేసే పద్ధతి, లైసెన్సు వివరం, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రాసిన చిట్టా అన్నీ ఉంటాయి. కోరాపుట్ వాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. వందకు పైగా దేశవాళీ వరి రకాలను కాపాడి 2019లో పద్మశ్రీ అందుకున్న కమలా పూజారి ఆ జిల్లా మనిషే. బియ్యం కొనుక్కోవడం వేరు, విత్తనం చేతిలో ఉండటం వేరు. విత్తనాన్ని అటక మీద దాచి మరిచిపోతే మొలవదు, మళ్లీ మళ్లీ వేస్తూ ఉండాలి. సోర్స్ ప్యాకేజీ కూడా అంతే. కంపైలర్ మారుతుంది, ఆధారపడిన లైబ్రరీ మారుతుంది, నిరుడు బిల్డ్ అయినది ఈ ఏడు కాదు. ఎవరో ఒకరు కూర్చుని సరిచేయాలి. ఆ మనిషిని మెయింటెయినర్ అంటారు.

ఆ మనిషి అలసిపోతే ఏమవుతుందో 2024 మార్చిలో లోకమంతా చూసింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ ప్రోగ్రామును ఏళ్ల తరబడి దాదాపు ఒక్కరే చూసుకున్నారు. సాయం చేస్తానని వచ్చి నమ్మకం సంపాదించినవాళ్లు అందులో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు లాగిన్ కాస్త ఆలస్యమవుతోందేమిటని తవ్వి చూడబట్టి బయటపడింది. అప్పటికే అది డెబియన్ పరీక్షా కూర్పుల్లోకి చేరింది. లోకమంతా వాడుకుంటూ, మోసేవాడికి ఎవరూ కూలి ఇవ్వని వ్యవస్థ అది. బిల్డ్ అవడం చాలదు, ఏది బిల్డ్ అవుతోందో చదివే కళ్లు కూడా కావాలి.

డెబియన్ 12 మీద కువి కావాలంటే రెండు దారులున్నాయి. ఐ.సి.యు. 76 సోర్స్ ప్యాకేజీని 12 మీద బిల్డ్ చేయడం ఒకటి. అప్పుడు దాన్ని వాడుకునే ప్రోగ్రాములను కూడా మళ్లీ బిల్డ్ చేయాలి, లేకపోతే అవి పాత 72నే పట్టుకుని ఉంటాయి. రెండోది, కువి దస్త్రాలను 72 పద్ధతికి సరిచేసి అందులోనే చేర్చడం. ఏదైనా పాత డబ్బా మీద చేయనక్కర్లేదు. మంచి కంప్యూటరు ఒకటుంటే దాని మీదే 32-బిట్ ప్యాకేజీలు బిల్డ్ చేసి హాస్టళ్లకు పెన్‌డ్రైవ్‌లో పంపవచ్చు. అంతకన్నా ముందు హాస్టల్ యంత్రాలను తనిఖీ చేయాలి. 32-బిట్ సిస్టం ఎక్కించి ఉన్న చాలా యంత్రాల ప్రాసెసర్ నిజానికి 64-బిట్‌దే. అలాంటివాటికి డెబియన్ 13 నేరుగా ఎక్కుతుంది.

ఈ పని రాయగడలోనో జయపురంలోనో కువి మాట్లాడే యువతీయువకులే చేయాలని మా అభిప్రాయం. మోటరోలా తన ఫోన్లలో కువిని చేర్చింది, సంతోషం. కానీ కంపెనీ ఇచ్చింది కంపెనీ చేతిలోనే ఉంటుంది. నెల పేరు తప్పుగా పడితే దిద్దుకునే హక్కు, దిద్దే నేర్పు ఆ భాష మాట్లాడేవాళ్ల దగ్గర ఉండాలి. 1911లో మిషనరీ షుల్జ్ కువి వ్యాకరణం అచ్చువేశాడు. ఆ పుస్తకం మీద ఆయన పేరుంది, ఆయనకు మాటలు చెప్పినవాళ్ల పేర్లు మనకెవరికీ తెలియవు. సోర్స్ ప్యాకేజీ చిట్టాలో మాత్రం పనిచేసినవాళ్ల పేరే ఎక్కుతుంది.

మనవాళ్లకు నచ్చని మాట ఇంకొకటి చెప్పాలి. గుణుపురం వైపు సవరలకు 1936లో మాంగేయి గొమాంగో సొంపెంగ్ లిపి కట్టారు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. క్రైస్తవ సవరలు ఎక్కువగా రోమన్ లిపి వాడతారు, సొంపెంగ్ వేరే విశ్వాసం వాళ్లదని దూరం పెడతారు. మన డబ్బుతో నడిచే ల్యాబులో సొంపెంగ్ అక్షరం కూడా సరిగ్గా పడాలి. కువికి నాలుగు లిపులు కోరి, సవరకు మనకు నచ్చిన ఒక్కటే చాలంటే అది న్యాయం కాదు.

డబ్బు ఎక్కడిదంటారా? పెంతెకొస్తు ఆదివారం సకల భాషల గురించి ప్రసంగించే సంఘాలు మనవి, ఒక సౌండ్ సిస్టం తక్కువ కొంటే ఇద్దరికి ఏడాది భృతి వస్తుంది. డెబియన్‌లోనే పాత కూర్పుల దీర్ఘకాల మద్దతు పని చేసేవాళ్లకు ఫ్రెక్సియన్ అనే సంస్థ ద్వారా కంపెనీలు డబ్బు ఇస్తున్నాయి. సేవాభావంతో చేసే పనికి కూలి ఇవ్వడం కొత్త సంగతేమీ కాదు. డెబియన్ 12కు ఆ మద్దతు 2028 జూన్ వరకు ఉంటుంది. ఆలోగా ఇద్దరు నేర్చుకోవాలి.