తూచే చేయి ఎవరిది?

నేడు వస్తువులు సైతం సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకొంటున్నాయి. పొలంలోని సెన్సారు నేల తేమను కొలిచి మోటారును నడిపిస్తుంది. విద్యుత్తు మీటరు తన రీడింగును తానే కార్యాలయానికి పంపుతుంది. ఇటువంటి అనుసంధానానికి 1999లో కెవిన్ ఆష్టన్ 'ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్' అని పేరుపెట్టాడు.

ఈ పరిజ్ఞానాన్ని స్వీకరించదలచిన వారికి అవరోధాలు అనేకం. వ్యయం, భద్రత, వ్యక్తిగత గోప్యత, వేర్వేరు సంస్థల పరికరాలకు పొత్తు కుదరకపోవడం, నిపుణుల కొరత వాటిలో ముఖ్యమైనవి. అన్నిటినీ ఒక్కమారే పరిష్కరించడం అసాధ్యం. మరి ఏది ముందు? ఏది వెనుక?

ఇట్టి చిక్కులను విడదీయడానికి గణితవేత్త థామస్ సాటీ 1970వ దశకంలో ఒక పద్ధతిని రూపొందించాడు. అందులో సమస్యలను రెండేసి చొప్పున పోల్చి, ఒకటి మరొకదానికంటే ఎంత ముఖ్యమో 1 నుండి 9 వరకు గల అంకెలతో సూచించాలి. పై ఐదు సమస్యలకు పది పోలికలు చాలు. వ్యయం కంటే భద్రత, నిపుణుల కొరత కంటే వ్యయం ముఖ్యమన్నవారే, భద్రత కంటే నిపుణుల కొరత ముఖ్యమంటే ఆ వైరుధ్యాన్ని గణితం పట్టి ఇస్తుంది. అసంగతిని కొలిచే నిష్పత్తి 0.10ని మించితే తీర్పులను పునఃపరిశీలించుకోవాలి. ఆలోచనకు ఇంతటి క్రమశిక్షణ నేర్పే సాధనం శ్లాఘనీయమే.

కాని పొందిక వేరు, న్యాయం వేరు. అన్నిటికంటే చౌకదనమే మిన్న అని ఒకే మాటపై నిలిచే తయారీదారుని తీర్పులో గణితానికి దోషం కనబడదు. 2016లో 'మిరాయ్' అనే హానికర ప్రోగ్రాము, తయారీనాటి పాస్‌వర్డులతోనే ఉన్న కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో లోబరచుకొన్నది. ఆ యేడు అక్టోబరు 21న వాటి ద్వారా సాగిన దాడితో ట్విట్టర్ వంటి సేవలకు తీవ్ర అంతరాయం కలిగింది. భద్రతను తేలికగా తూచినవారు కొందరైతే, నష్టపోయినవారు వేరొకరు.

సామాన్యునికి సాంకేతిక విషయాలు తెలియవు గనుక నిపుణులనే అడగాలని కొందరు వాదిస్తారు. పరికరం ఎట్లా పనిచేస్తుందో నిపుణునికి తెలియవచ్చు. అది పనిచేయనినాడు ఎండేది ఎవరి పైరో రైతుకే తెలుసు. కనుక పోలికలు చేసేవారిలో ఫలితాన్ని అనుభవించేవారికీ స్థానం ఉండాలి.

విద్యార్థులారా! రేపు మీ ముందుకు ఇటువంటి ప్రాధాన్య పట్టికలు ఎన్నో వస్తాయి. మొదటి స్థానం దేనిదని చూడడానికి ముందు, ఆ అంకెలు ఎవరు వేశారో అడగండి. త్రాసు తూచి చూపగలదే గాని, తూనికరాళ్లను ఎంచుకోలేదు. ఆ బాధ్యత ఎప్పటికీ మనిషిదే.