ముగ్గున కమరని సంఖ్య



సంక్రాంతినాడు ముంగిట ముగ్గు పెట్టుచుండగా మా అమ్మాయి యొక ప్రశ్న వేసినది. "అమ్మా! పండ్రెండు చుక్కలు నాలుగేసి చొప్పున మూడు వరుసలుగా నమరినవి. పదమూడు చుక్కలేల యమరవు?"

పదమూడు ప్రధానసంఖ్య. ఒకటియు, తానును దక్క మరి యే సంఖ్యయు దానిని నిశ్శేషముగా భాగింపజాలదు. ఇది చిన్న సంఖ్య గనుక వెంటనే తెలిసినది. ఒకటిని 31 మార్లు రెట్టింపుచేసి, వచ్చిన దానినుండి ఒకటి తీసివేయుడు. 2,14,74,83,647 వచ్చును. ఇది ప్రధానసంఖ్య యగునో కాదో తెలియుటెట్లు? 46,340 లోపలి ప్రధానసంఖ్య లన్నిటితోను భాగించి చూడవలెను. అవి 4,700లకు పైగా గలవు!

1772లో ఆయిలరను గణితవేత్త సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున నుండి దీనిని తేల్చెను. అప్పటి కాయనకు చూపు దాదాపుగా పోయినది. అయినను బుద్ధిచేత త్రోవ కనుగొనెను.

ఆ త్రోవ చిన్న లెక్కలో చూతము. ఒకటిని 11 మార్లు రెట్టించి ఒకటి తీసిన 2047. ఇది ప్రధానసంఖ్య గాదు. 23ను 89చే గుణించిన వచ్చును. ఆ రెంటినుండి ఒక్కొక్కటి తీసిన 22, 88. రెండును 11చే భాగింపబడుచున్నవి గదా! ఇది కాకతాళీయము గాదు. రెట్టించిన మార్లు ప్రధానసంఖ్య యైనపుడు ప్రతి ప్రధాన భాజకమునకు నిదియే నియమము. ఆయిలరు దీనిని మఱింత బిగించెను. మన పెద్దసంఖ్యకు భాజకమున్నచో, దానిని 248చే భాగింపగా 1 గాని 63 గాని మిగులవలెను. అందుచే 372 భాగహారములకు మించి యవసరము లేకపోయెను. వానిలో నొక్కటియు నిశ్శేషము కాలేదు. అది ప్రధానసంఖ్యయే!

ఇదంతయు విని మా అత్తగారు "ఈ లెక్క ఏ కూరలో వేసికొనుటకే తల్లీ?" అనిరి. 1811లో బార్లో అను పండితుడును ఇట్లే, ఇవి కేవలము వింతలు, నిరుపయోగములు, దీనికంటె పెద్దదానిని వెదకువా రుండబోరని వ్రాసెను. 1876లో లూకాసను నాతడు 39 అంకెల ప్రధానసంఖ్యను నిరూపించెను. 1977లో రివెస్టు, షమీరు, ఏడిల్మను అను మువ్వురు, రెండు మహాప్రధానసంఖ్యలను గుణించుట సులభము, లబ్ధమును విడదీయుట మిక్కిలి కష్టము అను నొక్క విషయముపై రహస్యలిపిని నిర్మించిరి. నేడు వందలకొలది అంకెలుగల యట్టి సంఖ్యలు చేతిఫోనులలో పోవు వార్తలకును, ధనమునకును కావలి కాచుచున్నవి.

బాల్యమున నాకు కావ్యములు చెప్పిరి గాని, ఆడపిల్లకెందుకని గణితము చెప్పలేదు. మావారు బడిపిల్లలకు చెప్పుచుండగా చెవినిబెట్టి నేర్చినదే నా లెక్క. కూరలో వేయుటకు రాదని మీ యమ్మాయి చేతిలోని పలక లాగికొనకుడు.

ఈ మాసపు లెక్క: ఒకటిని 13 మార్లు రెట్టించి ఒకటి తీసిన 8191. పై నియమము చొప్పున దీనికి 53తోను, 79తోను రెండు భాగహారములే చాలును. పిల్లలతో గూర్చుండి చేసిచూడుడు.