అద్దె కాగితం మీద నా పేరెందుకు లేదు?

మొన్న మా ఆడపడుచు గృహప్రవేశంలో అందరూ మావారి చుట్టూ చేరారు. "యూరప్‌లో కారు అద్దెకు తీసుకుని పదకొండు రోజులు నువ్వే నడిపావంటగా బావా! ఎంత ధైర్యం!" అని ఒకటే పొగడ్తలు. ఆయన జర్మనీ రోడ్ల గురించి చెబుతుంటే నేను మజ్జిగ గ్లాసులు అందిస్తూ విన్నాను. ఒకావిడ నా వైపు తిరిగి, "నీకేమమ్మా, హాయిగా పక్కన కూర్చుని చూసొచ్చావు" అంది. అక్కడ నవ్వి ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

ఆ పక్క సీటు హాయి ఏమిటో చెబుతాను వినండి. స్విట్జర్లాండ్‌లో హైవే ఎక్కాలంటే స్టిక్కర్ కొనాలి. రెండు రోజులే ఉన్నా సరే, ఏడాదికి సరిపడా 40 ఫ్రాంకులు కట్టాల్సిందే. ఆస్ట్రియాకి వేరే స్టిక్కర్, దానికి రోజుల లెక్క. జర్మనీలో 12 ఏళ్లు నిండని, 150 సెంటీమీటర్ల ఎత్తు లేని పిల్లలకు ప్రత్యేకమైన సీటు ఉండాలి. ఇవన్నీ చదివి గుర్తుపెట్టుకున్నది నేను. ఫోన్‌లో దారి చూస్తూ, వెనక పిల్లల తగాదా తీరుస్తూ, ఆయన అలవాటుకొద్దీ ఎడమకు జరిగినప్పుడల్లా "కుడి, కుడి" అని అరిచిందీ నేనే. దీని మీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదల్లా ఒక్కటే. ఇంత చేసిన మనిషికి స్టీరింగ్ ముట్టుకునే హక్కు లేదు. ఎందుకంటే కారు అద్దె కాగితం మీద ఉన్నది ఆయన పేరు ఒక్కటే.

నాకు కారు నడపడం రాదనుకునేరు. లైసెన్స్ తీసుకుని నాలుగేళ్లయింది. అత్తయ్యను ఆసుపత్రికి పొదిలి నుంచి ఒంగోలు తీసుకెళ్లేది నేనే. చీమకుర్తి గ్రానైట్ లారీల మధ్య కారు నడిపినవాళ్లకు ఆ రోడ్డంటే ఏమిటో తెలుసు. అయినా బుకింగ్ చేసేటప్పుడు మావారు "రెండో డ్రైవరంటే రోజుకింత అని అదనంగా కట్టాలట, ఎందుకు దండగ?" అన్నారు. నేను "సరే" అన్నాను. ఆ "సరే" అనడం నా తప్పు. ఆ తప్పు మీరు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

చివరి రోజు సాల్జ్‌బర్గ్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ రావాలి. 500 కిలోమీటర్ల పైమాటే. మర్నాడు పొద్దున విమానం. ముందు రాత్రి నడుం నొప్పితో ఆయనకు నిద్రే లేదు. న్యూరెంబర్గ్ దాటాక కారు మెల్లగా పక్కకు పోయి, రోడ్డు అంచున గరుకు గీత మీదికెక్కి గర్రుమంది. వెనక పిల్లలు కేక పెట్టారు. ఆయన కళ్లు అప్పుడు తెరుచుకున్నాయి. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇప్పటికీ ఆ శబ్దం గుర్తొస్తే రాత్రి లేచి పిల్లల గదిలోకి వెళ్లి చూసొస్తున్నాను.

దారి పక్కన బళ్లు ఆపుకునే చోట ఆగాం. నేను నిద్రపోయి ఉన్నాను, ఒళ్లు బాగుంది, నడపడం వచ్చు. కానీ కాగితం మీద పేరు లేనివాళ్లు నడిపి ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వర్తించదు, నష్టమంతా మన నెత్తిన పడుతుంది. అందుకని నడపగలిగిన మనిషిని నేనుండగా, కుటుంబమంతా రెండు గంటలు అక్కడే కూర్చున్నాం. మా పక్కన వరసగా లారీలు. యూరప్‌లో లారీ డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలి. అది చట్టం. బండి నడపడమే వృత్తిగా ఉన్నవాడికి కూడా అలసట వస్తుందని అక్కడి చట్టం ఒప్పుకుంది. మన ఇళ్లలో మగవాళ్లు మాత్రం ఒప్పుకోరు. మనమూ ఒప్పించం.

ఇక ఎదురు వాదాలు. "ఆయనకు ఇరవయ్యేళ్ల అనుభవం ఉంది కదా" అంటారు. అనుభవం ఎక్కడిది? ఎడమ పక్కన నడిపే దేశంలోది. అక్కడ స్టీరింగ్ ఎడమ వైపు, గేరు కుడి చేతికి, బండి నడపాల్సింది రోడ్డుకు కుడి పక్కన. మన కార్లలో ఇండికేటర్ ఉండే చోట అక్కడ వైపర్ ఉంటుంది. మొదటి రోజంతా మలుపు తిరిగినప్పుడల్లా మావారు ఎండలో అద్దం తుడిచారు. అక్కడ ఇరవయ్యేళ్లవాడూ, నాలుగేళ్లదీ ఇద్దరూ కొత్తవాళ్లే.

"డబ్బు దండగ" అంటారు. ఆ యాత్రలో ఫ్రిజ్‌కి అంటించుకునే బొమ్మలకూ, చాక్లెట్లకూ ఎంత పోసామో లెక్క నా దగ్గరుంది. బంధువులకు పంచే చాక్లెట్లు దండగ కాదు గానీ, నలుగురి ప్రాణాలకు రెండో మనిషి దండగా?

"మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆడమనిషి నడిపితే ఏం బాగుంటుంది?" ఇది పైకి అనరు గానీ అసలు వాదం ఇదే. దీనికి జవాబు యూరప్ రోడ్ల మీదే ఉంది. 1886లో పెట్రోలు కారుకు పేటెంట్ తీసుకున్నది కార్ల్ బెంజ్. ఆ కారులో దూర ప్రయాణం మొట్టమొదట చేసింది ఆయన కాదు, ఆయన భార్య బెర్తా. 1888 ఆగస్టులో, మొగుడికి చెప్పకుండా, తెల్లవారుజామున 15, 13 ఏళ్ల ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కి వంద కిలోమీటర్ల పైచిలుకు నడిపింది. ఎక్కడికనుకున్నారు? పుట్టింటికి! పెట్రోలు బంకులే లేని కాలం. దారిలో వీస్లోఖ్ అనే ఊళ్లో మందుల షాపులో ఇంధనం కొంది. గొట్టంలో ఏదో అడ్డుపడితే టోపీకి పెట్టుకున్న పిన్నుతో తీసింది. బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఆ వ్యాపారం నిలబడ్డానికి పెళ్లికి ముందే తన కట్నం డబ్బు పెట్టిందీ ఆవిడే. హైడల్‌బర్గ్ నుంచి మేం వీస్లోఖ్ వెళ్లి ఆ షాపు ముందు ఫోటో దిగాం. ఫోటో తీసుకుని నేను మళ్లీ పక్క సీట్లోకే ఎక్కాను.

అందుకే నేననేది, ప్రయాణం సంగతి తర్వాత, ముందు కాగితాలు సిద్ధం చేసుకోండి. స్కూటీ లైసెన్స్ కారుకు పనికిరాదు, కారుది వేరుగా తీసుకోవాలి. చాలా అద్దె కంపెనీలు లైసెన్స్ వచ్చి ఏడాదైనా అయ్యుండాలంటాయి కాబట్టి వచ్చే వేసవి ప్రయాణానికి ఇప్పుడే మొదలుపెట్టాలి. ఆ లైసెన్స్ మీద ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తారు. ఫీజు 1000 రూపాయలు, చెల్లుబాటు ఏడాది. మీవారికి తీసుకునే రోజే మీకూ తీసుకోండి.

ఇంకో సంగతి. కారు ఎవరి పేరున అద్దెకు తీసుకుంటే క్రెడిట్ కార్డు సాధారణంగా వాళ్ల పేరునే ఉండాలి. జీతం లేని మనకు కార్డు ఎవరిస్తారంటారా? ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద కార్డు ఇచ్చే బ్యాంకులున్నాయి. అది కూడా లేకపోతే రెండో డ్రైవరుగా పేరు రాయించుకోండి. అప్పుడు డిపాజిట్‌కి ఆయన కార్డు చాలు.

ఊళ్లో కూడా నడపనివాళ్లు నేరుగా వెళ్లి జర్మనీ హైవే ఎక్కమని చెప్పను. అది ధైర్యం కాదు, మూర్ఖత్వం. ముందు ఒంగోలు దాకా వెళ్లి రండి. మీవారిని పక్కన కూర్చోబెట్టుకుని, దారి చెప్పే పని ఆయనకిచ్చి.

మీలో చాలామంది లైసెన్స్ బీరువాలో పట్టుచీరల కింద ఉంటుందని నాకు తెలుసు. ఈ రాత్రి వంటిల్లు సర్దాక దాన్ని బయటికి తీసి, గడువు తేదీ చూడండి.