ఎవరి కొలతకి ఎవరి పనిముట్టు?

జనగామలో హైదరాబాద్ వైపు రైలెక్కితే కాసేపట్లో ఆలేరు వస్తుంది. ఆ దగ్గర్లోనే శారాజీపేట, చింతకింది మల్లేశం గారి ఊరు. 2019లో వచ్చిన 'మల్లేశం' సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. అమ్మ కష్టం చూడలేక కొడుకు మెషీన్ కనిపెట్టిన కథ అని మనం దాన్ని ఎమోషనల్‌గా గుర్తుపెట్టుకున్నాం. నాకైతే అది పక్కా ఎర్గోనామిక్స్ కథ.

ఆసు పోయడం అంటే దారాన్ని మేకుల చుట్టూ తిప్పడం. ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. రోజుకి రెండు చీరలంటే 18,000 సార్లు. భుజం పోవడానికి ఇంకేం కావాలి? ఆ పని ఎక్కువగా చేసేది ఇంట్లో ఆడవాళ్లు. మగ్గానికి ఫ్లై షటిల్ వచ్చింది, జకార్డ్ వచ్చింది. ఆసుకి మాత్రం చెయ్యే దిక్కు. బడి మధ్యలోనే మానేసిన మల్లేశం గారు 1999లో అమ్మ పేరుతో లక్ష్మీ ఆసు యంత్రం చేసేదాకా అంతే. ఆయనకి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ నొప్పి ఎవరిది అన్నదాన్ని బట్టే పరిష్కారం అంత లేటయిందని నా అనుమానం. డిజైన్‌లో జనాభా లెక్క అంటే నాకు అర్థమైంది ఇదే. ఎంతమంది ఉన్నారన్నది కాదు, ఏ పని ఎవరు చేస్తున్నారు, వాళ్ల వయసెంత, ఆడా మగా అన్నది.

"సగటు మనిషికి సరిపోతే చాలు కదా" అంటారు. అమెరికా ఎయిర్‌ఫోర్స్ కూడా అలాగే అనుకుంది. 1950లో 4,063 మంది పైలట్ల కొలతలు తీసుకున్నారు. అందులోంచి గిల్బర్ట్ డేనియల్స్ అనే ఆయన ముఖ్యమైన పది కొలతలు తీసుకుని లెక్క చూస్తే, పదింటిలోనూ సగటు పరిధిలో పడ్డవాడు ఒక్కడూ లేడు. అందరూ కుర్ర మగవాళ్లే అయినా అంతే! ఆ తర్వాతే కాక్‌పిట్ సీట్లు, పెడల్స్ సర్దుకునేలా మార్చడం మొదలైంది.

ఇప్పుడు భూపాలపల్లికి రండి. సింగరేణి గనులు. 1952 గనుల చట్టం ప్రకారం భూగర్భ గనిలో ఆడవాళ్లు పని చేయకూడదన్న నిబంధన ఉండేది. 2019లో కేంద్రం టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజ్‌మెంట్ పనులకి పగటిపూట అనుమతి ఇచ్చింది. సరే, దిగొచ్చు. మరి బూట్లు, హెల్మెట్, నడుముకి కట్టుకునే ల్యాంప్ బ్యాటరీ? దాదాపు డెబ్బై ఏళ్లు మగవాళ్లే దిగిన చోట ఆ సామాను ఎవరి ఒంటిని చూసి చేసుంటారు? రూల్ ఒక్క ఆర్డర్‌తో మారుతుంది, బూటు సైజు మారదు.

మహబూబాబాద్ జిల్లాలో 2011 లెక్కల ప్రకారం మూడో వంతుకు పైగా గిరిజనులే. మిర్చి చేలల్లో ఏరేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లు, రోజంతా వంగే ఉంటారు. పక్కనే మందు కొట్టేవాళ్ల వీపు మీద 16 లీటర్ల ట్యాంకు, నీళ్ల బరువే 16 కిలోలు. ఎనభై కిలోల మనిషికీ నలభై అయిదు కిలోల మనిషికీ అదే ట్యాంకు.

కొలతలు లేవని కాదు. భారతీయుల శరీర కొలతల మీద దేబ్‌కుమార్ చక్రబర్తి పుస్తకం 1997లోనే అహ్మదాబాద్ ఎన్ఐడి నుంచి వచ్చింది. లేనిది వాటిని తెరిచి చూసే అలవాటు.

మనం సీఎస్ఈ వాళ్లం, మనకెందుకు అంటారా? మన మినీ ప్రాజెక్టుల్లో యూజర్ సర్వే ఎలా చేస్తామో తెలుసు కదా. గూగుల్ ఫామ్ చేసి క్లాస్ వాట్సాప్ గ్రూపులో పడేస్తాం. అరవై మంది నింపుతారు, అందరికీ పంతొమ్మిదేళ్లే, అందరికీ ఇంగ్లిష్ వచ్చు. రైతుల యాప్‌కి కూడా అదే సర్వే! ఈ సెమిస్టర్ మా టీమ్‌కి వచ్చింది మిర్చి ధరల యాప్. యూజర్ పర్సోనాలో మావాళ్లు "వయసు 22, టెక్ సావీ" అని రాశారు. నేను దాన్ని కొట్టేసి "వయసు 50, చత్వారం, మిర్చి ఏరి మండుతున్న వేళ్లు, ఇంట్లో లంబాడీ భాష" అని రాశాను. అలాగైతే బటన్లన్నీ పెద్దవి చేయాలి, వాయిస్ పెట్టాలి, డెడ్‌లైన్‌కి అవ్వదు అంటున్నారు. గురువారం రివ్యూ ఉంది, ఇంకా గొడవ తేలలేదు.