చూచినది చూచినట్టు



ఈ నెల మా తప్పు ఒకటి ఒప్పుకొని మొదలుపెడుతున్నాము. యోనా గ్రంథం మీద వాక్యం చెబుతూ ఒక ఆదివారం తిమింగలం ప్రస్తావన తెచ్చాము. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి ఒక తిమింగలం కొట్టుకొచ్చిన సంగతి మీలో చాలామంది చదివే ఉంటారు. దానిని గురించి చెబుతూ, "మన మందిరమంత తిమింగలం, వంద టన్నుల బరువు!" అన్నాము. సంఘమంతా నోరు తెరుచుకొని విన్నది. మాకూ లోపల సంతోషంగానే ఉన్నది.

ఆరాధన ముగిశాక, సరుకు ఓడల మీద చాలాకాలం డెక్కు పని చేసి విరమించిన మా సంఘపు పెద్దాయన ఒకరు, చెప్పులు వేసుకుంటూ నెమ్మదిగా అడిగారు: "అయ్యగారూ, తమరు చూశారా?"

చూడలేదు. పత్రికలో చదివినది మా నోట్లో పడి పెరిగింది, అంతే. పత్రికలు రాసింది సుమారు 25 అడుగులని. నీలి తిమింగలమనీ రాశాయి. నీలి తిమింగలం తల్లి కడుపులోనుంచి వచ్చేటప్పుడే 23 అడుగులదాకా ఉంటుంది. కనుక అది నిజంగా నీలి తిమింగలమే అయితే పసిబిడ్డ అన్నమాట. దారి తప్పి చనిపోయిన పసిబిడ్డను మేము మందిరమంత చేసి, దాని మీద జనాన్ని ఆశ్చర్యపరిచాము.

ఆ సాయంత్రం మల్కాపురంలోనే ఉన్న వారి ఇంటికి వెళ్లాము. టీ ఇచ్చి, బీరువాలోనుంచి అట్టలు చిరిగిన నోటుపుస్తకాలు కొన్ని తీసి చూపించారు. ఓడ మీద కావలి డ్యూటీలో ఉన్నప్పుడు కనబడిన తిమింగలాల లెక్క అది. తేదీ, సమయం, ఓడ ఎక్కడ ఉన్నది, ఎన్ని కనబడ్డాయి, ఏ దిక్కుకు పోతున్నాయి. పేరు తెలిస్తే పేరు, తెలియకపోతే "పెద్దది, పేరు తెలియదు" అని. అయితే ఎక్కువ పేజీలలో ఉన్నది రెండు మాటలే: "ఏమీ లేదు."

"ఏమీ లేనప్పుడు రాయడం దేనికండీ?" అన్నాము.

"చూడబట్టే కదా అయ్యగారూ, లేదని తెలిసింది. చూడకుండా లేదని ఎలా రాస్తాను?"

ఆ మాట వెంటబెట్టుకొని ఇంటికి వచ్చాము. తరువాత చదివిన కొద్దీ తెలిసిందేమంటే, తిమింగలాల ప్రయాణాలను గూర్చి లోకానికి తెలిసినదానిలో పెద్ద భాగం ఇలాంటి పుస్తకాలవల్లనే వచ్చింది. తిమింగలం బ్రతుకంతా నీటి అడుగునే. ఊపిరి కోసం పైకి వచ్చినప్పుడు మనకు కొద్ది నిమిషాలు మాత్రం కనబడుతుంది. అమెరికా నౌకాదళ అధికారి మాథ్యూ మోరీ వేటగాళ్ల ఓడల దినచర్య పుస్తకాలు పోగుచేసి, ఏ నెలలో ఏ సముద్రంలో అవి కనబడ్డాయో 1851లో పటంగా వేశాడు. 1935లో చార్లెస్ టౌన్సెండ్ అనే ఆయన అలాంటి పాత పుస్తకాలనుండే యాభై వేలకు పైగా తిమింగలాల చోట్లు గుర్తించాడు. చంపడానికి పోయినవారు రాసుకున్న లెక్కలే ఇప్పుడు వాటిని కాపాడడానికి పనికి వస్తున్నవి!

ఈ కాలంలో వేటగాళ్ల స్థానంలో చూడడానికి వెళ్లే యాత్రికులున్నారు. హంప్‌బ్యాక్ అనే జాతి తిమింగలం మునిగేటప్పుడు తోక పైకెత్తుతుంది. ఆ తోక అడుగున ఉండే నలుపు తెలుపు మచ్చలు ఒకదానివి మరొకదానికి ఉండవు, మన వేలిముద్రల వలెనే. 1999లో బ్రెజిల్ తీరాన పరిశోధకులు ఫొటో తీసిన ఒక ఆడ తిమింగలాన్ని, 2001లో మడగాస్కర్ దగ్గర నార్వే దేశపు యాత్రికుడొకడు పడవలోనుంచి ఫొటో తీశాడు. అతనికి దాని చరిత్ర ఏమీ తెలియదు. సంవత్సరాల తరువాత ఆ రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే, అది 9,800 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసిందని తేలింది. ఆ సంగతి 2010లో ప్రచురించారు. విహారానికి వెళ్లినవాడి ఒక్క ఫొటో అంత పెద్ద ప్రయాణానికి సాక్ష్యమైంది.

మన సముద్రం మాటేమిటి? చాలా తిమింగలాలు వేసవిలో ధ్రువాల వైపు, చలికాలంలో వెచ్చని నీళ్లకు పోతాయి. కానీ ఉత్తర హిందూ మహాసముద్రంలోని నీలి తిమింగలాల దారి వేరు. కనబడినవి, ఒడ్డుకు కొట్టుకొచ్చినవి, పూర్వం సోవియట్ ఓడలు వేటాడినవి, అన్నిటి లెక్కలు కలిపి పరిశోధకులు 2012లో ఒక అంచనా ప్రకటించారు. నైరుతి ఋతుపవనాల కాలంలో సోమాలియా, ఒమన్ తీరాలలో అడుగు నీళ్లు పైకి పొంగి మేత సమృద్ధిగా ఉంటుంది కనుక చాలావరకు అక్కడ చేరతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో మాల్దీవులు, శ్రీలంక దక్షిణ కొన దాటి తూర్పుకు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మళ్లీ పడమటికి పోతాయి. మన రైతు చూచే ఋతుపవనాన్నే అవీ చూస్తున్నవి! కొంగకూ గువ్వకూ తమ కాలం తెలుసునని యిర్మియా ప్రవక్త చెప్పిన మాట (8వ అధ్యాయం) మాకు జ్ఞాపకం వచ్చింది.

ఇది వినోదానికి చెప్పే సంగతి కాదు. శ్రీలంక దక్షిణ కొన దగ్గర నీలి తిమింగలాలు మేసే చోటనే ప్రపంచంలోకెల్లా రద్దీగా ఉండే ఓడదారి ఒకటి పోతున్నది. మన విశాఖ రేవునుండి పడమటి దేశాలకు పోయే ఓడలు దాటేదీ ఆ కొననే. ఓడ తగిలి తిమింగలాలు చనిపోతున్నాయి. మిరిస్స అనే ఊళ్లో యాత్రికులకు తిమింగలాలు చూపించే పడవలవారి సహకారంతో 2014, 2015 సంవత్సరాలలో పరిశోధకులు లెక్క తీశారు. ఓడలు సుమారు 15 నాటికల్ మైళ్లు దక్షిణంగా జరిగి పోతే ఢీకొనే ప్రమాదం 95 శాతం తగ్గుతుందని తేలింది. 2022లో ఎం.ఎస్.సి. అనే పెద్ద ఓడల కంపెనీ తనంతట తానే తన ఓడలను ఆ దక్షిణ దారికి మళ్లించింది. ఎవరో ఒడ్డునుండి "చాలా ఉన్నాయి, వందలున్నాయి" అని అరచినందువల్ల కాదు, పడవలో కూర్చొని చూచినది చూచినట్టు రాసినందువల్ల ఓడ దారి మారింది.

ఇందులో ఒక చిక్కు కూడా ఉన్నది. పడవలు ఎక్కడికి పోతాయో అక్కడే తిమింగలాలు కనబడతాయి. తుపాను నెలల్లో ఎవరూ పోరు కనుక ఆ నెలల లెక్క ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీకి తిమింగలాలు లేవని అర్థమా, చూచేవారు లేరని అర్థమా? ఎన్ని గంటలు చూచి ఏమీ కనబడలేదో కూడా రాసిపెడితేనే ఆ తేడా తెలుస్తుంది. మా పెద్దాయన "ఏమీ లేదు" పేజీల విలువ మాకప్పుడు అర్థమయింది.

మన తీరం పక్క అలాంటి పేజీలే తక్కువ. డాల్ఫిన్ ముక్కు పేరు పెట్టుకున్న కొండ మన నెత్తిన ఉన్నది, దాని అవతల సముద్రంలో ఏమి పోతున్నదో రాసేవారు కొద్దిమంది. వేటకు పోయే కుర్రవాడిని అడిగితే, "కనబడతాయి అయ్యగారూ. సెప్తే ఏ కేసవుతాదో అని ఊరుకుంటాం" అన్నాడు. అతని భయం మాకు తెలుసు. అయినా 2022 డిసెంబరులో మనకు దక్షిణాన తంతడి తీరంలో వలలో పడిన రెండు టన్నుల వేల్ షార్క్ సంగతి అతనికి చెప్పాము. అది తిమింగలం కాదు, లోకంలోకెల్లా పెద్ద చేప. మత్స్యకారులు, అటవీ శాఖవారు కలిసి దానిని ప్రాణంతో సముద్రంలోకి పంపారు. కబురు చెప్పబట్టే అది బ్రతికింది.

ఇక మా సంఘం మాట. ప్రతి ఆదివారం సాక్ష్యాల సమయం ఉంటుంది. రోగం పోయినవారు, ఉద్యోగం వచ్చినవారు లేచి చెబుతారు. దేవునికి స్తోత్రం. అయితే వెనుక వరుసలో ఒక తల్లి ఉన్నది. కొడుకు పనికని ఊరు విడిచి పోయి, సంవత్సరాలుగా కబురు లేదు. ఆమెను ఎన్నడూ లేపలేదు. లేపితే ఏమి చెబుతుందోనని మాకే భయం. అంటే మా సంఘపు పుస్తకంలో కనబడిన దినాలే రాసుకున్నాము, కనబడని దినాలు విడిచిపెట్టాము.

మరుసటి ఆదివారం ముందుగా మా 25 అడుగుల తప్పు దిద్దుకున్నాము. తరువాత, ఇష్టమైతే చెప్పమని ఆ తల్లిని అడిగాము. ఆమె కొంగు సర్దుకొని లేచింది. "ఈ వారం కూడా కబురు రాలేదు. వారమంతా కనిపెట్టుకొనే ఉన్నాను" అని కూర్చున్నది. ఎవరూ హల్లెలూయా అనలేదు. ఆరాధన అయ్యాక మాత్రం, ఎన్నడూ ఆమెతో మాట్లాడని స్త్రీలు నలుగురు ఆమె పక్కన కూర్చున్నారు. ఒకామె తన ఇంటి సంగతి కూడా చెప్పుకున్నదట.

ప్రవక్తయైన హబక్కూకు కూడా జవాబు రాకముందే కావలి చోటికి ఎక్కి నిలిచినవాడే. కనిపెట్టడమంటే మన భాషలో చూడడమూ అవును, ఎదురుచూడడమూ అవును.

మా మందిరంలో ఇప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టాము. ఓడ మీదికి, వేటకు పోయే సహోదరులు తిరిగి వచ్చాక చూచినది రాయవచ్చు. తేదీ, సమయం, చోటు, దిక్కు. కనబడకపోతే ఆ మాటే. మొదటి పేజీ పెద్దాయన చేతనే రాయించాము. ఒక ఉదయం యారాడ ఒడ్డున కూర్చొని రెండు గంటలు చూచి వచ్చి రాశారు: "ఏమీ లేదు." కింద సంతకం చేశారు.

చూచినదానికి కలపకుండా, చూడనిదానిని దాచకుండా సాక్ష్యం చెప్పే నోరు ప్రభువు మనకందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.