పెట్టె మీదే రాసి అమ్మాలి

ఫిట్‌నెస్ వాచీలు కొన్నవారికీ, కొనబోయేవారికీ, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకూ

2022 ఆగస్టులో ఫిట్‌బిట్ కంపెనీ వర్సా 4, సెన్స్ 2 అనే రెండు వాచీలను ప్రకటించింది. అమెరికాలో అప్పుడు వర్సా 4 ధర 229.95 డాలర్లు. రెండేళ్ళ ముందు వచ్చిన వర్సా 3 ధర కూడా సరిగ్గా అంతే. కానీ వర్సా 3లో బయటివాళ్ళు తయారుచేసిన యాప్‌లు వేసుకునే, పాటలు దాచుకునే, గూగుల్ అసిస్టెంట్‌తో పని చేయించుకునే వీలుండేది. వర్సా 4లో ఈ మూడూ లేవు. జేబులోని ఫోన్‌లో మోగుతున్న పాటను మణికట్టు మీంచి ఆపే వీలు కూడా లేకుండా అది మార్కెట్లోకి వచ్చింది. 2021 జనవరిలో ఫిట్‌బిట్‌ను 210 కోట్ల డాలర్లకు సొంతం చేసుకున్నది గూగులే. గూగుల్ చేతికి వచ్చిన వాచీలోంచి గూగుల్ అసిస్టెంటే మాయమైంది. 2022 అక్టోబరులో గూగుల్ సొంత పేరుతో పిక్సెల్ వాచ్ 349.99 డాలర్లకు దుకాణాల్లోకి వచ్చింది.

కొత్త వాచీ నచ్చకపోతే కొనడం మానేయవచ్చు. ఇప్పటికే కొన్నవాడి మాటేమిటి?

2023 మార్చి 27న ఫిట్‌బిట్ తన యాప్‌లోంచి ఛాలెంజెస్, అడ్వెంచర్స్ అనే రెండు విభాగాలను తీసేసింది. వారాంతంలో ఎవరు ఎక్కువ అడుగులు వేశారో స్నేహితులు, బంధువులు ఊళ్ళు దాటి పోటీ పడేది ఈ ఛాలెంజెస్‌లోనే. నడక మొదలుపెట్టిన చాలామందిని రోజూ చెప్పులు వేసుకుని గుమ్మం దాటించింది గుండె వేగం లెక్కల కంటే ఈ సరదా పోటీయే. అంతకు కొద్ది నెలల ముందు కంప్యూటర్‌తో వాచీని అనుసంధానించే సౌకర్యం పోయింది. 2024 జులైలో వెబ్‌సైట్‌లో లెక్కలు చూసుకునే పేజీ కూడా మూతపడింది. ఈ మూడు సందర్భాల్లోనూ వాచీలో ఏ భాగమూ పాడవలేదు. ఇంట్లో వాడుతున్న ఫ్రిజ్‌కు ఒక అర ఇక పనిచేయదని మూడేళ్ళ తర్వాత కంపెనీ మనిషి వచ్చి తాళం వేసిపోతే ఎవరూ ఊరుకోరు. వాచీ విషయంలో మాత్రం అప్‌డేట్ అన్న పేరు పెడితే చాలు, అందరూ సర్దుకుపోవాల్సి వస్తోంది.

ఫిర్యాదులన్నిటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. కొన్ని ఫీచర్లు లేకపోవడానికి గట్టి కారణాలే ఉంటాయి. ఈసీజీ తీయాలంటే వాచీకి ఎలక్ట్రోడ్లు కావాలి. అవి లేని వాచీకి ఏ సాఫ్ట్‌వేరూ ఈసీజీ నేర్పలేదు. ఎలక్ట్రోడ్లు ఉన్నా ఆ ఫీచర్‌కు ప్రతి దేశంలోనూ అనుమతి కావాలి. ఆపిల్ వాచ్‌లో ఈసీజీ 2018 డిసెంబరులో అమెరికాలో మొదలైతే భారత్‌కు 2019 సెప్టెంబరులో గానీ రాలేదు. రోగనిర్ధారణకు వాడే పరికరాలూ సాఫ్ట్‌వేరూ 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. ఆరోగ్యం విషయంలో అలాంటి జాగ్రత్త ఉండాల్సిందే. దానివల్ల ఆలస్యమైతే ఓపిక పట్టవచ్చు.

పేటెంటు తగాదాలది మరో దారి. రక్తంలో ఆక్సిజన్ కొలిచే సాంకేతికత విషయంలో మాసిమో అనే కంపెనీ వేసిన కేసులో ఆపిల్‌కు అమెరికాలో ఎదురుదెబ్బ తగిలింది. దాంతో 2024 జనవరి 18 నుంచి అక్కడ అమ్మిన సిరీస్ 9, అల్ట్రా 2 వాచీల్లో ఆ ఫీచర్‌ను ఆపేశారు. సెన్సర్ వాచీలోనే ఉంది, పనిచేయించే సాఫ్ట్‌వేర్ మాత్రం లేదు. మళ్ళీ 2025 ఆగస్టులో వేరే పద్ధతిలో, లెక్క కట్టే పనిని ఐఫోన్‌కు అప్పగించి, ఆ సౌకర్యాన్ని తిరిగి ఇచ్చారు. మధ్యలో గడిచింది ఏడాదిన్నర. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేస్తున్న కొడుకో కూతురో గుంటూరులో ఉన్న అమ్మానాన్నలకు ఆ కాలంలో అక్కడ వాచీ కొని పంపితే అందులో ఆక్సిజన్ కొలత పనిచేయలేదు. అదే మోడల్‌ను ఇక్కడి దుకాణంలో కొంటే పనిచేసింది. రెండు పెట్టెలూ పక్కపక్కన పెడితే మామూలు మనిషి తేడా కనిపెట్టగలడా?

సామ్‌సంగ్ వాచీ కొన్నవారికి ఎదురయ్యే చిక్కు ఇంకొకటి. గెలాక్సీ వాచీలో ఈసీజీ, రక్తపోటు ఫీచర్లు వాడాలంటే చేతిలో సామ్‌సంగ్ గెలాక్సీ ఫోనే ఉండాలి. వేరే ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నవారికి వాచీ గంట చూపిస్తుంది, అడుగులు లెక్కపెడుతుంది, ఈసీజీ మాత్రం తీయదు. కంపెనీ దీన్ని దాచలేదు, ఎక్కడో రాసే ఉంది. అయితే వాచీ బొమ్మ పక్కన పెద్దక్షరాల్లో ఈసీజీ అని, షరతు అట్టడుగున చీమ అక్షరాల్లో రాసినప్పుడు కొనేవాడికి నిజం సగమే అందుతుంది.

ఇక పరుగు తీసేవారి ఫిర్యాదు. కేబీఆర్ పార్కు చుట్టూ, నెక్లెస్ రోడ్డు మీద, విశాఖ ఆర్కే బీచ్ వెంట తెల్లవారుజామున మారథాన్ సాధన చేసేవారి చేతికి ఎక్కువగా కనిపించే పేర్లలో గార్మిన్ ఒకటి. ఆ కంపెనీ 2022 జూన్‌లో ఫోర్‌రన్నర్ 255ను 349.99 డాలర్లకు తెచ్చింది. నిద్రనూ, గుండె చప్పుళ్ళ మధ్య విరామాల్లో వచ్చే తేడానూ, శిక్షణ భారాన్నీ అది కొలుస్తుంది. వీటినే కలిపి ఈ రోజు ఒళ్ళు ఎంత సిద్ధంగా ఉందో వందకు మార్కులు వేసి చెప్పే ఫీచర్ పేరు ట్రెయినింగ్ రెడీనెస్. అది 255లో లేదు. తొమ్మిది నెలలకే, 2023 మార్చిలో, 449.99 డాలర్లకు వచ్చిన ఫోర్‌రన్నర్ 265లో ఉంది. 265కు మెరుగైన తెర, టచ్ సౌకర్యం ఉన్న మాట నిజమే. గుండె వేగం చదివే సెన్సర్ మాత్రం రెండింటిలోనూ ఒకే తరానిది.

ఇక్కడ గార్మిన్ మాట తప్పిందనడానికి లేదు. 255 కొన్నవాడికి ఆ రోజు చెప్పినవన్నీ దక్కాయి. ఫిట్‌బిట్ వ్యవహారంలో ఉన్నదాన్ని లాక్కున్నారు, ఇక్కడ కొత్తదాన్ని ఇవ్వలేదు. ఈ రెండింటినీ ఒకే తప్పుగా చూపితే వాదన పలచబడుతుంది. 255 కొన్నవారి బాధ వేరు. ఈ వాచీకి ఇంకెంతకాలం కొత్త ఫీచర్లు వస్తాయి, ఏ రోజు నుంచి మరమ్మతులాంటి అప్‌డేట్లే మిగులుతాయి అన్నది డబ్బు కట్టే ముందు తెలుసుకునే దారి వాళ్ళకు లేకపోయింది. ఆ ఒక్క తేదీ తెలిసి ఉంటే కొందరు ఆగేవారు, కొందరు తెలిసే కొనేవారు.

ఇవ్వాలనుకుంటే ఇవ్వవచ్చని చూపినవారూ ఉన్నారు. కోరోస్ అనే వాచీల కంపెనీ 2021లో ఇవోల్యాబ్ అనే శిక్షణ విశ్లేషణను అప్పటికే అమ్మిన వాచీలకు ఉచిత అప్‌డేట్‌గా ఇచ్చింది. ఆపిల్ 2025లో అధిక రక్తపోటు సూచనలను తెచ్చినప్పుడు 2023 నాటి సిరీస్ 9కు కూడా వర్తింపజేసింది.

మరోవైపు నెల చందాల పద్ధతి పెరుగుతోంది. 2025 మార్చిలో గార్మిన్ నెలకు 6.99 డాలర్ల కనెక్ట్ ప్లస్‌ను మొదలుపెట్టింది. అప్పటికే ఉన్న ఫీచర్లు ఉచితంగానే ఉంటాయని కంపెనీ చెప్పింది. అయినా వేల రూపాయలు పోసి కొన్నవారికి వచ్చిన భయం సహేతుకమైనదే. రేపు వచ్చే మంచి ఫీచర్లన్నీ చందా గేటు వెనక్కి వెళ్తే, కొన్న వాచీ క్రమంగా అద్దె వస్తువుగా మారుతుంది.

కంపెనీయే మూతపడితే ఏమవుతుందో పెబుల్ వాచీలు కొన్నవారు చూశారు. 2012లో జనం ముందుగా కట్టిన కోటి డాలర్లకు పైగా సొమ్ముతో పుట్టిన ఆ వాచీల కంపెనీ ఆస్తులను 2016 డిసెంబరులో ఫిట్‌బిట్ కొన్నది. 2018 జూన్ 30న సర్వర్లు ఆగిపోయాయి. రెబుల్ పేరుతో అభిమానులే ప్రత్యామ్నాయ సర్వర్లు నడిపి ఆ వాచీలను బతికించారు. 2025 జనవరిలో గూగుల్ పెబుల్ సాఫ్ట్‌వేర్‌ను అందరికీ తెరిచి ఇచ్చింది. ఆలస్యమైనా మంచిపని. సేవ ఆపేసే రోజునే ఆ పని చేయాలని చట్టం చెప్పి ఉంటే మధ్యలోని ఆ ఏళ్ళు వృథా అయ్యేవి కావు.

మరి చట్టాలు ఎక్కడున్నాయి? యూరోపియన్ యూనియన్‌లో 2022 జనవరి నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం సాఫ్ట్‌వేర్‌తో నడిచే వస్తువుకు కొనుగోలుదారు సహేతుకంగా ఆశించే కాలమంతా అప్‌డేట్లు అందాలి. 2025 జూన్ 20 నుంచి అక్కడ ఫోన్లకూ ట్యాబ్లెట్లకూ, అమ్మకం ఆపేశాక కూడా కనీసం ఐదేళ్ళు అప్‌డేట్లు ఇవ్వాలి. ఈ జాబితాలో వాచీలు లేకపోవడం పెద్ద లోటు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇంటర్నెట్‌కు అనుసంధానమయ్యే చాలా వినియోగ వస్తువులకు కనీసం ఎంతకాలం భద్రతా అప్‌డేట్లు ఇస్తారో తయారీదారు బహిరంగంగా చెప్పాలి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 184 స్మార్ట్ వస్తువుల వివరాలు వెతికితే దాదాపు 89 శాతం వస్తువులకు ఆ గడువు వాటి వెబ్ పేజీలో కనిపించలేదని 2024 నవంబరులో నివేదిక ఇచ్చారు. చట్టం అడగనిదే కంపెనీలు తమంతట తాము చెప్పవని ఆ అంకె చాటుతోంది.

మన దేశంలో పునాది ఇప్పటికే ఉంది. వస్తువు నాణ్యత, ప్రమాణం, ధర తెలుసుకోవడం కొనుగోలుదారు హక్కని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. ఆ చట్టం కింద 2020 జులైలో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు మార్గదర్శకాలు జారీచేసే అధికారం ఉంది. 2023 నవంబరులో అది ఆన్‌లైన్ అమ్మకాల్లోని 13 రకాల మోసపు ఎత్తుగడలను నిషేధించింది. చందాలో చేర్చుకుని బయటపడనీయకపోవడం వాటిలో ఒకటి. 2022 డిసెంబరులో కేంద్రం మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. స్క్రూ, బ్యాటరీ, తెర ఎవరు మారుస్తారన్న ప్రశ్నకు అక్కడ చోటు దొరికింది. సాఫ్ట్‌వేర్ ఎంతకాలం బతుకుతుందన్న ప్రశ్నకు కూడా చోటు ఇవ్వాలి.

ఈ కరపత్రం కోరుతున్నది ఆ రక్షణ సంస్థ జారీచేసే ఒక మార్గదర్శకం. వాచీ పెట్టె మీదా, ఆన్‌లైన్‌లో ధర పక్కనా, అప్‌డేట్లు ఏ తేదీ దాకా వస్తాయో అచ్చు వేయాలి. ఫ్రిజ్ మీద కరెంటు పొదుపు నక్షత్రాలు వేయించగలిగిన ప్రభుత్వానికి ఇది కష్టమేమీ కాదు. ఏ ఫీచర్ ఏ ఫోన్‌తో పనిచేస్తుందో, భారత్‌లో పనిచేస్తుందో లేదో, దేనికి చందా కట్టాలో ప్రకటనలో ఫీచర్ పేరు ఉన్నంత సైజులోనే రాయాలి. అమ్మిన రోజున ఉన్న ఫీచర్‌ను ఆ తేదీలోపు తీసేయకూడదు, చందా వెనక్కి నెట్టకూడదు. కోర్టు తీర్పు వల్లో భద్రత కారణంగానో తీసేయక తప్పకపోతే ధరలో తగిన భాగం వాపసు ఇవ్వాలి. వాపసు అసాధ్యమని ఏ కంపెనీ అనడానికీ వీల్లేదు. 2022 మార్చిలో బ్యాటరీ వేడెక్కి కొందరికి కాలిన గాయాలైనప్పుడు ఫిట్‌బిట్ అయానిక్ వాచీలను వెనక్కి తీసుకుని, కొన్నవారికి 299 డాలర్ల చొప్పున చెల్లించింది. సర్వర్లు మూసేసే పక్షంలో కొనుగోలుదారు తన ఏళ్ళ నాటి లెక్కలను దించుకునే గడువూ, వాచీ ఫోన్‌తో నేరుగా పనిచేసే ఏర్పాటూ ఉండాలి.

దీనికి కంపెనీలు చెప్పే జవాబు తెలిసిందే: ఇంజినీర్ల జీతాలు, సర్వర్ల ఖర్చులు ఉంటాయి, ఒక్కసారి తీసుకున్న ధరకు ఎల్లకాలం చాకిరీ చేయలేం. ఎల్లకాలం చేయమని ఎవరూ అడగడం లేదు. రెండేళ్ళే ఇస్తామంటే రెండేళ్ళనే రాయండి. కొనేవాడు ఆ గడువును ధరతో పోల్చి చూసుకుంటాడు. నాలుగేళ్ళు రాసిన కంపెనీకి అది మంచి ప్రకటన అవుతుంది.

గట్టిగా అడిగితే కంపెనీలు కదులుతాయి. 2025 మేలో వూప్ అనే కంపెనీ కొత్త ఫిట్‌నెస్ బ్యాండు తెచ్చినప్పుడు, ఉచితంగా మార్చి ఇస్తామన్న పాత మాట పక్కనపెట్టి, చందాదారులను డబ్బు కట్టమనో చందా పొడిగించుకోమనో అడిగింది. నిరసన వెల్లువెత్తింది. కొద్ది రోజుల్లోనే, చందా ఏడాదికి మించి మిగిలి ఉన్నవారికి ఉచితంగా ఇస్తామని వెనక్కి తగ్గింది.

కాబట్టి ఈ కరపత్రం చదివినవారు మూడు పనులు చేయండి. కొత్త వాచీ కొనేటప్పుడు అప్‌డేట్ల గడువు ఎంతని దుకాణదారుణ్ణి అడగండి, జవాబు రాతలో తీసుకోండి. కొన్న రోజున ఉత్పత్తి పేజీనీ, ఫీచర్ల జాబితానూ ఫోటో తీసి బిల్లుతో పాటు దాచండి. రేపు ఫీచర్ మాయమైతే అదే మీ సాక్ష్యం. అలా మాయమైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, కంపెనీ కార్యాలయం ఏ నగరంలో ఉన్నా సరే. వస్తువుకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు. ఫిర్యాదు వేసే గడువు మాత్రం రెండేళ్ళే.