ప్రతిభకు ప్రాంగణమే కొలమానమా?
హైదరాబాద్ గచ్చిబౌలిలో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఉన్నది. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయమూ అక్కడే ఉన్నది. రెండింటిలోనూ ఎంబీఏ స్థాయి చదువు సాగుతున్నది. అయినా ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు ప్రాంగణ నియామకాలకు ప్రధానంగా వెళ్ళేది ఐఐఎంల వంటి కొద్ది సంస్థలకే. ఆ జాబితాలో లేని కళాశాల విద్యార్థి దరఖాస్తు పరిశీలనకు రావడమే కష్టం.

ముస్లింలలో పట్టభద్రులు ఎంత తక్కువో 2006లోనే సచార్ కమిటీ నివేదిక వెల్లడించింది. ఎన్నో అవరోధాలు దాటి పట్టా పొందిన ఆ కొద్దిమందిని కళాశాల పేరు చూసి తోసిపుచ్చడం అన్యాయం. నియామక జాబితాలను విస్తరించాలని మేము కోరుతున్నాము.

మన సమాజానికీ బాధ్యత ఉన్నది. సీఎఫ్ఏ పరీక్ష ఏ కళాశాల విద్యార్థి అయినా రాయవచ్చు. కాని మూడు అంచెల రుసుము పేద కుటుంబానికి మోయలేని భారం. దానిని మన ట్రస్టులు భరించాలి. ఆ రంగంలో స్థిరపడినవారు అర్హులైన మన పిల్లలను తమ సంస్థలకు సిఫారసు చేయాలి, ఇంటర్వ్యూలకు సిద్ధం చేయాలి. వడ్డీ గురించి సంకోచించే తల్లిదండ్రులు ముందు ఆ ఉద్యోగంలో చేయవలసిన పని ఏమిటో తెలుసుకోవాలి. కంపెనీల విలీనానికి సలహా ఇవ్వడం వేరు, అప్పులిచ్చి వడ్డీ రాబట్టడం వేరు. ఆ వివరాలతో ఉలమాలను సంప్రదించి నిర్ణయించుకోవాలి. విచారించకుండానే బిడ్డను వెనక్కి లాగరాదు.